తరువాతి పంట

చీసపీక్ అఖాతం మీది వంతెన దాటి, జనవరి నెలలో మేరీల్యాండ్ తూర్పు తీరం వైపు ప్రయాణించిన పాఠకులు ఒక దృశ్యాన్ని గమనించే ఉంటారు. చెట్లన్నీ మోడులై నిలిచి ఉంటాయి. ఇళ్ల ముందరి పచ్చిక సైతం గోధుమవన్నెకు తిరిగి ఉంటుంది. పొలాలు మాత్రం మన నారుమడులవలె పచ్చగా కనబడతాయి. అది కోసి ఇంటికి తెచ్చుకొనే పైరు కాదు. చాలా చోట్ల అది రై అనే ధాన్యపు జాతి గడ్డి. శరదృతువులో విత్తి, వసంతంలో గింజ పట్టకముందే దానిని చంపివేస్తారు. చంపి, నేలను దున్నకుండా, ఆ వాలిన గడ్డి నడుమనే మొక్కజొన్ననో సోయానో విత్తుతారు. నేలను కప్పి ఉంచడానికే వేసేది గనుక దీనిని కప్పు పంట అందాము.

ఈ రాష్ట్రంలో ఇది విరివిగా కనబడడానికి కారణం అఖాతమే. మొక్కజొన్న కోసిన తరువాత నేలలో మిగిలిన నత్రజని శీతకాలపు వానలకు కరిగి, వాగులగుండా అఖాతంలో చేరుతుంది. అక్కడ నాచు పెరిగి, కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. చేపలకూ పీతలకూ ఊపిరాడదు. రై వేళ్లు ఆ నత్రజనిని చలికాలంలోనే పీల్చి పట్టి ఉంచుతాయి. అందుకే రాష్ట్ర ప్రభుత్వం కప్పు పంట వేసిన రైతుకు ఎకరానికి ఇంత అని సొమ్ము ముట్టజెబుతుంది. 2012లో అమెరికా మొత్తం మీద 1.03 కోట్ల ఎకరాలలో ఉన్న ఈ పద్ధతి 2017 వ్యవసాయ గణన నాటికి 1.54 కోట్ల ఎకరాలకు పెరిగింది. సాగుభూమిలో వాటా రీత్యా చూస్తే మేరీల్యాండ్‌దే అగ్రస్థానం.

పీతలకు మేలు జరిగింది, సరే. ఆ పైన విత్తిన పంట మాటేమిటి? నా ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి ఈ దేశం వచ్చినవాణ్ని నేను. ఉద్యోగ జీవితమంతా మట్టి నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో గడిచింది. మా పెరటి కంచెకు ఆవల ఒక రైతు పొలం ఉన్నది. ఇరవై ఏళ్లుగా ఆ పొలాన్ని చూస్తున్నాను, ఆ రైతుతో మాట్లాడుతున్నాను. అతడు సాగు చేసే భూమిలో అధికభాగం కౌలుది. అతని తాత ఇదే నేలను నాగలితో ఏటా తిరగవేసేవాడట. ఇక్కడి భూములు మన డెల్టా మాగాణివలె బల్లపరుపు కావు, మెల్లని వాలు గలవి. దున్నిన పైమట్టి వానకు కదిలి వాగు పాలయ్యేది. 1962లో కెంటకీ రాష్ట్రంలోని హెర్న్‌డన్ వద్ద హ్యారీ యంగ్ అనే రైతు ఎకరం కూడా లేని చిన్న చెక్కలో దున్నకుండా మొక్కజొన్న విత్తాడు. వాణిజ్య సేద్యంలో దున్నని పద్ధతికి ఈ దేశంలో అది తొలి అడుగుగా చెబుతారు. మా పొరుగు రైతు తండ్రి కొంతకాలానికే ఆ దారి పట్టాడు. ఇతడు దానిపైన రై చేర్చాడు.

కొన్నేళ్ల క్రితం మా అబ్బాయి పట్టభద్రుడైన సందర్భానికి మా చిన్నాన్న ఇక్కడికి వచ్చారు. రేపల్లె దగ్గర నాలుగెకరాల మాగాణి ఆయనది. ఆ వసంతమంతా ముసురు పట్టింది. రైని చంపే మందు కొట్టడానికి ట్రాక్టరు పొలంలో దిగే వీలు చిక్కక, గడ్డి రొమ్ముల ఎత్తు పెరిగి కంకులు వేసింది. చివరకు మందు కొట్టి, వెంటనే మొక్కజొన్న విత్తారు. జూన్ మొదటి వారానికి మొక్కలు జానెడు లేచాయి గాని ఆకులు పాలిపోయి పసుపుపచ్చగా ఉన్నాయి. రోడ్డుకు ఆవల రై వేయని పొలంలో మొక్కజొన్న నల్లగా నిగనిగలాడుతోంది.

చిన్నాన్న కంచె దాటి వెళ్లి గొంతుక్కూర్చున్నారు. వాలిన గడ్డిని చేత్తో పక్కకు తీసి, నేలలో వేలు దించి చూశారు. "ఒరేయ్, పదును బాగానే ఉంది. వానపాములు కూడా ఉన్నాయి. మొక్క మాత్రం ఆకలితో ఉంది" అన్నారు. కాసేపు ఆగి, "అయినా గడ్డి మీద మినుము వేస్తారు గాని, గడ్డి మీద గడ్డి వేస్తారట్రా ఎక్కడైనా?" అని అడిగారు.

ఆ మాటలోనే సగం శాస్త్రం ఉన్నది. మొక్కజొన్న కూడా గడ్డి జాతిదే. ఇక్కడ ఒక లెక్క చెప్పక తప్పదు. నేలలోని సూక్ష్మజీవులకు ఆహారంలో 24 పాళ్ల కర్బనానికి 1 పాలు నత్రజని ఉంటే సరిపోతుంది. కర్బనాన్ని అన్నమనీ, నత్రజనిని పప్పు అనీ అనుకోండి. లేత రైలో ఈ నిష్పత్తి 26కు 1 వరకు ఉంటుంది, అది ఇంచుమించు సమపంక్తి భోజనమే. పూతకు వచ్చిన రైలో 37కు 1. పండి ఎండిన రై గడ్డిలో 80 దాటుతుంది. విస్తరినిండా అన్నం వడ్డించి చెంచాడు పప్పు వేస్తే, ఆకలిగొన్న అతిథి ఇంటివారి వంటగదిలోకే వెళ్తాడు. సూక్ష్మజీవులూ అంతే. గడ్డిని, దాని వేళ్లను జీర్ణించుకోవడానికి కావలసిన నత్రజనిని నేలనుంచి తీసుకుంటాయి. సరిగ్గా ఆ వారాలలోనే మొక్కజొన్న కూర్చుని వడ్డన కోసం చూస్తుంటుంది. ఆ నత్రజని నశించదు, సూక్ష్మజీవులు చచ్చి కుళ్లినప్పుడు మళ్లీ విడుదలవుతుంది. కాని ఆగస్టులో వడ్డించిన పప్పు జూన్‌లో ఆకలిగొన్న మొక్కకు ఏ మేలు చేయగలదు?

గడ్డి మీద మినుము అని చిన్నాన్న అన్నది డెల్టావాసులకు విడమర్చి చెప్పనక్కరలేదు. మిగిలినవారి కోసం చెబుతాను. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, కంకులు వంగి ఉన్న చేనులోనే మినుములు వెదజల్లేవారు. కోతగాళ్ల పాదాలు గింజను తడినేలలోకి నొక్కేవి. పనలు ఎత్తేనాటికి మోళ్ల నడుమ మొలకలు కనబడేవి. దుక్కి లేదు, తడి లేదు, ఎరువు లేదు. మిగిలిన పదునుతోనే, మంచుతోనే ఆ పంట పండేది. హెర్న్‌డన్ గురించి ఎవరూ వినకముందే మా తాతగారు దున్నకుండా విత్తేవారు. వరి మోళ్లలో కర్బనం మిక్కుటం, నత్రజని స్వల్పం. అయినా మినుముకు ఆకలి కలగదు. అది పప్పుజాతి మొక్క, తన నత్రజనిని తన వేరు బుడిపెలలోని సూక్ష్మజీవుల సాయంతో గాలి నుంచే తెచ్చుకుంటుంది. పప్పు చేతబట్టుకొని విందుకు వచ్చిన అతిథి వంటిది.

ఇదే కారణం చేత ఇక్కడ రై మీద సోయా బాగా వస్తుంది. పచ్చిగా నిలిచి ఉన్న రైలోనే సోయా విత్తి, తరువాత గడ్డిని చంపే రైతులు కూడా ఉన్నారు. ఇనుప పట్టీలు బిగించిన పెద్ద రోలరును పూతకు వచ్చిన రై మీద దొర్లిస్తే కాడలు నలిగి చాపలా పరచుకుంటాయి. ఆ చాప కింద కలుపు మొలవదు. ఈ దేశపు సోయా రైతును నేడు వేధిస్తున్న కలుపు ఏదో తెలుసునా? మన తోటకూరకు దాయాదులైన మొక్కలే. వాటి గింజ ఆవగింజ కంటె చిన్నది, మొలవడానికి వెలుతురు కావాలి. కలుపుమందులు తట్టుకొనే రకాలు పెరిగిపోయాయి గాని, మందమైన గడ్డి చాపను తట్టుకోవడం వాటికి కష్టమే. తోటకూర పప్పు ఇష్టమైన మనవంటివారికి ఈ శత్రుత్వం కొంత వింతగా తోస్తుంది.

చిన్నాన్న అన్నవన్నీ ఒప్పని చెప్పలేను. "ఆ గడ్డిని దున్ని దమ్ములో తొక్కిస్తే ఈ బాధ ఉండదు కదా" అన్నారాయన. నేను అనువదించి చెబితే రైతు నవ్వి, పొలం అంచున వాగు గట్టు కింద పేరుకున్న మట్టిని చూపించాడు. తాతగారి నాగలి తవ్విన మట్టి అది. మన పచ్చిరొట్ట ఎరువుల శాస్త్రం నీరు నిలిచిన మడికోసం పుట్టింది. జీలుగనో జనుమునో పిల్లిపెసరనో పెంచి, పూత దశలో బురదలో కలియదున్నితే కొద్ది రోజులలోనే మురిగి వరికి అందుతుంది. ఇక్కడ నీరు నిలవదు, నాగలి దిగదు, గడ్డి పైపైన మెల్లగా శిథిలమవుతుంది. మన పూర్వులకు అన్నీ తెలుసు అని సభలలో చప్పట్లు కొట్టడం సులువు. వారికి తెలిసింది వారి నేల. అది చిన్న విషయం కాదు. అయినా దానిని పెట్టెలో పెట్టి తెచ్చి ఇక్కడ విప్పితే పనికి వస్తుందనుకోవడం పొరపాటు.

పూత దశ అనే నియమం మాత్రం రెండు చోట్లా చెల్లుతుంది. జనుమును పూతలో కోస్తే ఎరువు, ముదిరాక కోస్తే నార. గోనెలు నేసింది, మోకులు పేనింది ఆ నారతోనే. నార అంటే కర్బనం. ఏ మొక్కనైనా ముదరనిస్తే అది తరువాతి పంటకు ఇచ్చేది తగ్గి, అడిగేది పెరుగుతుంది. అందుకే ఇక్కడి విస్తరణాధికారులు మొక్కజొన్నకు పది పదునాలుగు రోజుల ముందే రైని చంపమంటారు. విత్తేటప్పుడు గింజ పక్కనే కొంత నత్రజని వేయమంటారు. వ్యవధి ఇవ్వడానికి మరొక కారణం కూడా ఉన్నది. చనిపోతున్న రై వేళ్ల మీద పెరిగే శిలీంధ్రాలు పక్కనే మొలకెత్తిన మొక్కజొన్న వేళ్లకూ పాకుతాయి.

ఆ ఏడాది ఆ పొలంలో దిగుబడి పడిపోయింది. మరుసటి ఏడు వసంతంలో వాన లేదు. ఏపుగా ఎదిగిన రై నేలలోని తడిని ముందే తాగివేసింది, మొక్కజొన్న ఎగుడుదిగుడుగా మొలిచింది. రెండేళ్లు వరుసగా నష్టం. కౌలు మాత్రం తగ్గలేదు. భూస్వామి వృద్ధురాలు, ఆమె వారసులు దూరనగరాలలో ఉన్నారు. వారికి ఎకరానికి ఎన్ని డాలర్లన్నదే లెక్క. ప్రభుత్వం ఇచ్చేది విత్తనానికీ విత్తడానికీ సరిపోతుంది, తగ్గిన ధాన్యానికి సరిపోదు. మొక్కజొన్న రాష్ట్రాలలో మూడేళ్లకు తక్కువ కాకుండా కప్పు పంట వేసిన వేలాది పొలాలను ఉపగ్రహ చిత్రాలతో పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. మొక్కజొన్నలో సగటున 5.5 శాతం, సోయాలో 3.5 శాతం దిగుబడి తగ్గినట్టు అందులో తేలింది. రైతు ఆ వార్త ఉన్న పత్రికను కంచె మీదుగా నాకు అందించాడు. "నా కళ్లు నాకు ముందే చెప్పాయి. అంతరిక్షం నుంచి చూడనక్కరలేదు" అన్నాడు. రై మానేస్తానని ఆ సాయంత్రం అతడన్నప్పుడు నాకు వాదించడానికి మనసొప్పలేదు. అఖాతం అందరిదీ, అప్పు అతనిది.

అతడు మానలేదు. మార్చాడు. సోయా వేయబోయే పొలాలకే రై పరిమితం చేశాడు. మొక్కజొన్న వేయబోయే చోట హెయిరీ వెచ్ అనే ఊదారంగు పూల తీగను, ఎర్రపూల క్లోవరును, కొద్దిగా రైతో కలిపి విత్తాడు. ఆ తీగ పప్పుజాతిది. లేతగా ఉన్నప్పుడు దానిలో కర్బనం 11 పాళ్లకు నత్రజని 1 పాలు, అంటే విస్తరిలో పప్పే ఎక్కువ. సూక్ష్మజీవులు తినగా మిగిలినది మొక్కజొన్నకు దక్కుతుంది. మొదటి ఏడు జూన్‌లో ఆకు నల్లబడింది. ఎరువు ఖర్చు కొంత తగ్గింది. అయితే ఈ తీగను సెప్టెంబరులోనే విత్తాలి, అప్పటికి మొక్కజొన్న కోత ముగియదు. విత్తనమూ ఖరీదే. రై ఎంత ఆలస్యంగా చల్లినా మొలుస్తుంది, అందుకే అందరూ రైనే ఎంచుకుంటారు.

సోయా పొలాన్ని ఒక తడి వసంతంలో నత్తలు తిన్నాయి. ఇవి గుల్ల లేని బూడిదరంగు నత్తలు. గడ్డి చాప కింద చల్లగా, తేమగా ఉంటుంది. అది వానపాములకు ఎంత హాయో నత్తలకూ అంతే హాయి. రాత్రికి రాత్రి లేత ఆకులు జల్లెడలయ్యాయి. కొన్ని ఎకరాలు తిరిగి విత్తవలసి వచ్చింది. నత్తలను తినే నల్లపురుగులు ఆ గడ్డిలోనే నివసిస్తాయి. విత్తనానికి పట్టించే క్రిమిసంహారకం నత్తలను ఏమీ చేయదు, ఆ విషం నత్తల ద్వారా నల్లపురుగులకు చేరి వాటిని చంపుతుందని పెన్సిల్వేనియాలో పరిశోధకులు చూపారు. అది తెలిశాక మా రైతు మందు పట్టించని విత్తనం అడిగి తెప్పించుకుంటున్నాడు.

ముల్లంగి సంగతి చెప్పకుండా ఉండలేను. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన మృత్తికా శాస్త్రవేత్త రే వైల్ పరిశోధనల మూలంగా ఈ ప్రాంతంలో పశుగ్రాసపు ముల్లంగి కప్పు పంటగా ప్రసిద్ధికెక్కింది. మన సాంబారు ముల్లంగికి అక్కగారు అనుకోండి. యంత్రాల బరువుకు గట్టిపడిన అడుగునేలలోకి దాని వేరు చొచ్చుకుపోతుంది. శీతకాలపు గడ్డు చలికి చచ్చి, కుళ్లి, గొట్టం వంటి దారిని మిగిల్చిపోతుంది. తరువాతి మొక్కజొన్న వేళ్లు ఆ దారినే కిందికి దిగి లోతు తడిని అందుకుంటాయి. నాగలి చేయవలసిన పని కూరగాయ చేసింది! కుళ్లే రోజులలో వాసన మాత్రం భరించరానిది. మా వీధిలో ఒకరు వంటగ్యాసు కారుతోందని అగ్నిమాపక దళాన్ని పిలిచారు. వారు వచ్చి, ముక్కు మూసుకొని, పొలం వైపు చూపించి వెళ్లారు.

పెరట్లో టమాటాలు, వంకాయలు పెంచుకొనే పాఠకులు ఈ తీగ ప్రయోగం చేసి చూడవచ్చు. ఇక్కడికి సమీపంలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1990లలో దీనిని టమాటా మీద పరీక్షించారు. సెప్టెంబరులో మడిలో హెయిరీ వెచ్ గింజలు చల్లి, మే నెలలో పూతకు వచ్చినప్పుడు నేలబారుగా కోసి, అక్కడే పరిచి, ఆ పరుపులో రంధ్రాలు చేసి టమాటా నారు నాటడమే పద్ధతి. నల్ల ప్లాస్టిక్ పరిచిన మడులకంటె ఇక్కడి మొక్కలు ఎక్కువకాలం పచ్చగా నిలిచి ఎక్కువ కాయలిచ్చాయి. మొదటి కాయ మాత్రం కొంత ఆలస్యంగా వస్తుంది, గడ్డి కింద నేల త్వరగా వేడెక్కదు. మా ఇంట్లో ఐదేళ్లుగా ఇదే పద్ధతి. గోంగూరకు మాత్రం ఆ పరుపు పెట్టను. చల్లని నేల దానికి గిట్టదు.

తిరిగి వెళ్లిన తరువాత కూడా చిన్నాన్న ఫోనులో రై కబుర్లు అడుగుతూనే ఉన్నారు. ఆయన ఇప్పుడు మినుము వేయడం లేదు. కోత యంత్రాలు వచ్చాయి. వాటి చక్రాల కింద మొలకలు నలిగిపోతాయి, గడ్డి కుప్పలుగా పడుతుంది. పల్లాకు తెగులు, బంగారు తీగ సరేసరి. మోళ్ల మధ్య దున్నకుండానే, కర్రతో గుంటలు చేసి మొక్కజొన్న విత్తుతున్నారు. డెల్టాలో చాలామంది పని అదే. "చిన్నాన్నా, గడ్డి మీద గడ్డి వేయకూడదన్నారు కదా" అని అడిగాను.

"అన్నానురా. అందుకే గదా బస్తాల కొద్దీ యూరియా మింగుతోంది. అయినా రేటు దానికే ఉంది" అన్నారు. తరువాత కాస్త గొంతు తగ్గించి, "మీ వాడు ఆ తీగ విత్తనం ఎంత పెట్టి కొన్నాడు?" అని అడిగారు.

గత జూలైలో గోధుమ కోసిన పదెకరాలలో మా రైతు ఒక కొత్త విత్తనం చల్లాడు. సంచి మీద సన్ హెంప్ అని రాసి ఉంది. గింజలు అరచేతిలో పోసుకొని చూశాను. జనుములు! సంచి మీది ఆ మొదటి మాటకు సూర్యునితో సంబంధమేమీ లేదు, జనుముకు హిందీలో ఉన్న పేరు అది. హవాయి విశ్వవిద్యాలయమూ, ఈ దేశపు వ్యవసాయ శాఖా కలిసి 1983లో ట్రాపిక్ సన్ అనే రకాన్ని విడుదల చేశాయి. నాటినుంచి ఇది దక్షిణ రాష్ట్రాలలో పాకి, ఇప్పుడు మా కంచె దాకా వచ్చింది. సెప్టెంబరుకు ట్రాక్టరు మునిగేంత ఎత్తు పెరిగి పసుపుపచ్చగా పూసింది. అక్టోబరులో మొదటి మంచు కాటుకు రెండు రోజులలో నల్లబడి వాడిపోయింది.

అసలు చిక్కు అక్కడే ఉన్నది. జనుము ఆకులో చేరిన నత్రజని చలికాలంలోనే విడుదలై అఖాతం దారి పడితే మే నెలలో విత్తే మొక్కజొన్నకు ఏమి మిగులుతుంది? అందుకని మంచు పడకముందే జనుము కాడల నడుమ పలచగా రై విత్తాడు. జారిపోయేదాన్ని పట్టడానికి రై, ఆ రై ముదిరి మొక్కజొన్న నోటిదగ్గరిది లాక్కోకుండా ఏప్రిల్ మొదట్లోనే దానికి మందు. లెక్క కాగితం మీద కుదిరింది. ఆ పదెకరాల మట్టి నమూనాలు మార్చిలో నేనే తీసి ఇస్తానన్నాను. ఎరువు సగానికి తగ్గించి చూడమని కూడా అడిగాను.

"నాలుగు చాళ్లకు తగ్గిస్తాను. అంతకు మించి అడగకు" అన్నాడు.